మలావీ వెళ్లే ముందు మేం నేర్చుకున్నవి (చాలావరకు తప్పులు చేసి)

లాంతరు:

అందరికీ వందనాలు. ఈ ఫోరంలో రెండేళ్లుగా చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. వచ్చే నెల మేం నలుగురం ఆఫ్రికాలోని మలావీ వెళ్తున్నాం. మా ఆయన ఆసుపత్రి పరికరాలు బాగుచేసే టెక్నీషియన్, నేను నర్సుని. బాబుకి 11 ఏళ్లు, పాపకి 6. మాది నరసాపురం దగ్గర పల్లె. మలావీలో ఒక మిషన్ ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేయడానికి ఒప్పుకున్నాం. ఆరు నెలల్లో బయల్దేరతామని సంఘంలో చెప్పేశాం. పట్టింది రెండేళ్ల రెండు నెలలు.

"దేవుడు తలుపు మూశాడేమో అమ్మా" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. దేవుడు మూయలేదండీ, మా పేర్లు మూశాయి.

స్కూలు రికార్డులో నా పేరు ఒకటి, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు ఇంకొకటి. ఆధార్‌లో రెండోది, నర్సింగ్ సర్టిఫికెట్లలో మొదటిది. పాస్‌పోర్టులో ఇనీషియల్ సరిపోదు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. మా ఇంటిపేరు ఇంగ్లీషులో ఆయన పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, బాబు బర్త్ సర్టిఫికెట్లో ఇంకోలా ఉంది. ఒక్క 'హెచ్' అక్షరం కోసం మునిసిపల్ ఆఫీసు చుట్టూ ఐదు నెలలు తిరిగాం.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. మా పెళ్లి 2012లో ఊరి మందిరంలోనే జరిగింది. పెళ్లి చేసిన అయ్యగారికి పెళ్లిళ్లు చేసే లైసెన్సు లేదు. అలాంటిదొకటి ఉండాలని ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఆయనలాంటి సేవకుడికి లైసెన్సు ఉండాలట. సంఘం లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం పనికిరాదన్నారు. చివరికి ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. అక్కడి క్లర్కు మా వెనకాల నిలబడ్డ బాబుని చూసి "ఈ అబ్బాయెవరమ్మా?" అన్నాడు. "మా పెద్దాడండీ" అన్నాను. వాడు సిగ్గుపడి మెట్ల మీదకి వెళ్లి కూర్చున్నాడు.

కాబట్టి ఎవరికైనా పిలుపు అనిపిస్తే ముందు బీరువా తెరిచి కాగితాలు చూసుకోండి. ఇంట్లో అందరి పేర్లూ అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. మన కాగితాలు బయటి దేశంలో చెల్లడానికి అపోస్టిల్ అనే ముద్ర వేయించాలన్నా ముందు పేరు సరిగ్గా ఉండాలి.

డబ్బు గురించి, మా అత్తగారి గురించి, బాబు గురించి రాయాల్సింది చాలా ఉంది. పాప నిద్రపోయాక రాస్తాను.


కొల్లేటి కొంగ:

సిస్టర్, సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మలావీలో జనాభాలో ముప్పావు వంతు క్రైస్తవులే. స్కాట్లండ్ మిషనరీలు 1875, 76ల్లోనే వెళ్లి అక్కడ మిషన్లు పెట్టారు. బ్లాంటైర్ అనే ఊరికి ఆ పేరు మిషనరీ లివింగ్‌స్టన్ పుట్టిన ఊరి మీద వచ్చిందే. అక్కడికి మీరు వెళ్లి కొత్తగా చెప్పేదేముంది? మన పాడేరు, మారేడుమిల్లి కొండల్లో నర్సు దొరక్క అల్లాడుతుంటే విమానం ఎక్కి వెళ్లాలా? ఫారిన్ మోజు కాదా ఇది?


లాంతరు:

మోజు లేదని చెప్పను బ్రదర్. మొదట్లో ఉంది. "మిషనరీ కుటుంబం" అని బ్యానర్ మీద మా ఫొటో వేసినప్పుడు లోపల ఎక్కడో బాగుందనిపించింది. ఆ మోజు వదలడానికే ఒక ఏడాది పట్టి ఉంటుంది.

వెళ్లడానికి కారణం మాత్రం చిన్నది. ఆ ఆసుపత్రివాళ్లు ప్రసంగీకుణ్ణి అడగలేదు, మెకానిక్‌ని అడిగారు. కోవిడ్ తర్వాత ఎవరెవరో దానంగా పంపిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు ఏడు ఒక గదిలో గోడవార నిలబెట్టి ఉన్నాయి. వాటి లోపల గాలిలోంచి నైట్రోజన్‌ని పట్టి ఆపే గుళికలుంటాయి. తేమ తగిలితే అవి పాడవుతాయి. ఫిల్టరు మూసుకుపోయినా మిషన్ వేడెక్కిపోతుంది. విడిభాగాలు లేవు, చేసే మనిషీ లేడు. ఏడుగురు పిల్లలకు ఊపిరి అందించాల్సినవి దుమ్ము పట్టి ఉన్నాయని ఆయనకి రెండు రోజులు అన్నం సహించలేదు.

తమాషా ఏమిటంటే, ఈ రెండేళ్లలో వీడియో కాల్‌లో చూపిస్తూ రెండు మిషన్లు ఇక్కడి నుంచే బాగుచేయించారు. బాగుచేసింది అక్కడ జనరేటర్ చూసుకునే కుర్రాడు. కరెంటు హెచ్చుతగ్గులకి మిషన్ తట్టుకోవాలంటే ఏం చేయాలో ఆ కుర్రాడే ఈయనకి నేర్పాడు. "నేను వెళ్లేసరికి నా అవసరం ఉంటుందంటావా?" అని ఈయన నన్ను అడిగారు, సగం సరదాగా, సగం బెంగగా.

పాడేరు మాట. అక్కడ ఐదు వారాలు ఉండి వచ్చాం, ట్రయల్‌గా. దాని గురించి విడిగా రాస్తాను. మీ ప్రశ్న మా చిన్నాన్న కూడా అడిగారు. ఇప్పటికీ మా దగ్గర పూర్తి జవాబు లేదు.


జాంబియా మావయ్య:

అమ్మా, నేను జాంబియాలో తూర్పు వైపు, చిపాటా దగ్గర తొమ్మిదేళ్లు లెక్కల టీచర్‌గా చేసి వచ్చినవాణ్ణి. అక్కడ మాట్లాడే న్యాంజా, మీరు వెళ్లే చోటి చిచేవా దాదాపు ఒక్కటే. కొన్ని మాటలు చెబుతా, పనికొస్తాయి.

మొట్టమొదట పలకరింపు. కొట్లో ఉప్పు ప్యాకెట్ అడగాలన్నా ముందు "ములి బ్వాంజి?" అనాలి, అంటే ఎలా ఉన్నారు అని. వాళ్లు "న్దిలి బ్వినో, కాయ ఇను?" అంటారు, బాగున్నాను, మరి మీరో అని. అప్పుడు మీరు కూడా బాగున్నానని చెప్పాలి. ఆ తర్వాతే ఉప్పు. మనం గబగబా పని మాట్లాడేస్తే వీడికి మనుషులంటే లెక్కలేదనుకుంటారు. హడావుడిగా బతికే నర్సమ్మకి ఇది కష్టమే సుమా.

రెండోది, వాళ్ల భాషలోనూ నువ్వు, మీరు ఉన్నాయి. "ఉలి బ్వాంజి" అంటే నువ్వెలా ఉన్నావ్. "ములి" అంటే మీరు. నేను వెళ్లిన రెండో వారంలో హెడ్మాస్టరు గారిని పట్టుకుని "ఉలి బ్వాంజి" అన్నా. పిల్లలంతా డెస్కుల కింద తలలు పెట్టి నవ్వారు. ఆయన మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. మగవాళ్లను బాంబో అంటారు, ఆడవాళ్లను మాయి అంటారు, నాన్నగారూ అమ్మగారూ అన్నట్టు. ఇంగ్లీషువాడి కంటే ఇది తెలుగువాడికి తేలిగ్గా ఎక్కుతుంది. కాబట్టి ఇంగ్లీషు పుస్తకంలోంచి నేర్చుకోకండి, తెలుగులోంచి నేర్చుకోండి.

మూడోది తిండి. న్సీమా అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటిలా ఉంటుంది, తెల్లగా. చేత్తోనే తింటారు. తినేముందు ఇంటివాళ్లు చెంబుతో నీళ్లు పోస్తారు, మీరు చేతులు పట్టాలి. ఊసీపా అనే చిన్న ఎండు చేపలు దొరుకుతాయి. నరసాపురం వాళ్లు కదా, మీకు పండగే.

చివరిది, కొల్లేటి కొంగ గారి ప్రశ్నకి కూడా. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తమిళుడు. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని మన మధ్య బతికిన మనిషి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి తెల్లవాళ్ల ముందే, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగేశాడు. మీరు ఆ దేశానికి కొత్త సువార్త తీసుకెళ్లనక్కర్లేదు. వాళ్లతో ఒక కంచంలో తింటే చాలు. మొదటి ఏడాది మాత్రం సలహాలివ్వకండి. నోరు తినడానికీ, పలకరించడానికీ వాడండి.


ఆడిటర్ తమ్ముడు:

అక్కా, డబ్బు గురించి మీరు రాసేలోపు నేనో మాట చెబుతా, ఎందుకంటే ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు.

సంఘం ట్రస్టు ఖాతాలోంచి నేరుగా బయటి దేశానికి పంపిస్తామని చాలా సంఘాలు మాటిచ్చేస్తాయి. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ అనే పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపుకునే వీలు ఇక్కడ నివాసముండే వ్యక్తులకే, ట్రస్టులకు కాదు. పైగా పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు దేశం బయట ఖర్చు పెట్టాలంటే ఆదాయపు పన్ను బోర్డు సీబీడీటీ అనుమతి కావాలి, లేకపోతే ఆ మొత్తానికి మినహాయింపు రాదు. "దేవుని పని కదా" అంటే ఆడిట్ ఒప్పుకోదు.

ఇంకోటి. బంధువులు కాని వాళ్లు మీకు వ్యక్తిగతంగా ఇచ్చే కానుకలు ఏడాదిలో మొత్తం 50 వేలు దాటితే ఆ మొత్తమంతా మీ ఆదాయం కిందకి వస్తుంది. విశ్వాసులు నెలకి ఐదొందలు వేసినా కలిపి లెక్కే. చాలామంది అయ్యగార్లకి ఇది తెలియదు.

అలాగే ఉద్యోగానికి వెళ్తున్నారు కాబట్టి మీ మామూలు సేవింగ్స్ ఖాతాలు ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసులకుండే ఖాతా) మార్పించుకోవాలి. వెళ్లాక చేద్దాంలే అనుకుంటే ఓటీపీ రాక ఏడుస్తారు. ఇక్కడి సిమ్ రోమింగ్‌లో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి. మీ కేసుకి తగ్గ లెక్క మాత్రం దగ్గర్లోని ఆడిటర్ని కలిసి వేయించుకోండి, నా పోస్టు చూసి చేసేయకండి.


లాంతరు:

తమ్ముడూ, నువ్వు రెండేళ్ల క్రితం ఎక్కడున్నావయ్యా! మేం సరిగ్గా అదే చేశాం. ట్రస్టు నుంచి నెల నెలా పంపిస్తామన్నారు, సంతోషంగా తలూపాం. ఆడిటర్ గారు ఆగమనేసరికి తొమ్మిది నెలలు గడిచిపోయాయి. ఇప్పుడు అక్కడి ఆసుపత్రే ఇల్లూ, కొద్దిపాటి జీతమూ ఇస్తోంది. ఇక్కడి సంఘం మా అత్తగారి మందుల ఖర్చు చూసుకుంటుంది. అది అందరికీ తేలిక.

అంతకు ముందు సంఘాలు తిరిగాం. 14 సంఘాలు. ప్రొజెక్టర్ మీద ఆఫ్రికా పిల్లల ఫొటోలు, బక్కచిక్కినవి. ఎక్కడో ఇంటర్నెట్‌లో దొరికినవి, అవి మలావీవి కూడా కాదు. ఒకరోజు అక్కడి ఆసుపత్రి మేట్రన్ గారు వీడియో కాల్‌లో ఆ బ్యానర్ చూశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా పిల్లల్ని కూడా ఒకసారి బడికి వెళ్లేటప్పుడు ఫొటో తీయండి" అన్నారు. ఆ రాత్రి బ్యానర్ మడిచి అటక మీద పడేశాం. మన మన్యం పిల్లల ఫొటోలు ఎవరో ఇలా చూపించి డబ్బడిగితే నాకెలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నెలనెలా ఇస్తామని 63 మంది పేర్లు రాశారు. ఆరో నెలకి 19 మంది మిగిలారు. కోపం వచ్చింది. తర్వాత లెక్క చూస్తే ఆ 19 మందిలో కారున్నవాళ్లు ఇద్దరే. స్త్రీల సమాజంలో ఒక మామ్మ గారున్నారు. రోజూ అన్నం వండేముందు పిడికెడు బియ్యం మా పేరు మీద డబ్బాలో వేస్తారు. నెలాఖరుకి ఆ డబ్బా సంచిలో ఒంపి తెస్తారు. మొదటిసారి "వద్దు మామ్మా, మీరే తినండి" అన్నాను. ఆవిడ సంచి కింద పెట్టి, "నేనిచ్చేది పుచ్చుకోడానికి నీకు నామోషీ అయితే, అక్కడికెళ్లి వాళ్లిచ్చేది ఎలా పుచ్చుకుంటావే?" అంది. సంచి తీసుకున్నాను. మిజోరంలో ఆడవాళ్లు 1910 నుంచి ఇలా పిడికెడు బియ్యంతోనే సేవకులను పంపుతున్నారని మా పాస్టరు గారు తర్వాత చెప్పారు. మామ్మకి ఆ సంగతి తెలియదు.


సూటిగా:

అంతా చదివాను. పాస్‌పోర్టు, ఆడిటర్, ఎన్‌ఆర్‌ఓ... ఇందులో విశ్వాసం ఎక్కడుంది? మన పితరులు సంచి గానీ జోలె గానీ తీసుకోకుండా వెళ్లారు. దేవుడు పంపితే దేవుడే చూసుకుంటాడు. ఇది సేవా, ఉద్యోగమా?


జాంబియా మావయ్య:

బాబూ, నరసాపురం పేరు వచ్చింది కాబట్టి చెబుతా. 1836లో మిషనరీ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టాయి. పెద్ద చదువుల వాళ్లు కాదు, చేతిపనుల వాళ్లు. విశ్వాసంతోనే వచ్చారు, కాదనను. కానీ ఓడలో కూర్చుని కూడా భాష నేర్చుకున్నారేమో గానీ, ఆకాశంలోంచి తెలుగు రాలిపడలేదు వాళ్ల నోట్లోకి.

మనవాళ్ల సంగతీ చూడు. నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య గారిని తెలుగు బాప్టిస్టులు 1903లో దక్షిణాఫ్రికా నాటాల్‌కి పంపారు, అక్కడ తోటల్లో గిరిమిటియా కూలీలుగా, అంటే ఒప్పందం మీద వెళ్లిన కూలీలుగా ఉన్న తెలుగువాళ్ల కోసం. మన సంఘాలు చందాలు పోగేసి పంపిన మనిషి. చందా అంటే లెక్క, లెక్క అంటే పుస్తకం, రసీదు. అప్పుడూ ఎవరో ఒక ఆడిటర్ తమ్ముడు ఉండే ఉంటాడు.


హాస్టల్ గది 14:

ఇలాంటి వాటిలో నేను రాయను. కానీ లాంతరు గారు బాబు గురించి రాస్తానని ఇంకా రాయలేదు, అందుకే.

నా ఆరో ఏట మా అమ్మానాన్న ఉత్తరాదిలో సేవకి వెళ్లారు. నన్నూ తమ్ముణ్ణీ మిషనరీ పిల్లల హాస్టల్లో పెట్టారు. ఏ ఊరో, ఏ స్కూలో చెప్పను, అక్కడ నన్ను బాగానే చూసిన వార్డెన్ కూడా ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు ఇంటికి. ప్రతి జూన్‌లో రైలెక్కించేటప్పుడు అమ్మ ఏడ్చేది కాదు, ఏడిస్తే సాక్ష్యం చెడుతుందని. నేనూ ఏడవడం మానేశాను. ఇప్పుడు నాకు 34. మా అమ్మ నన్ను కౌగిలించుకుంటే చేతులు ఎక్కడ పెట్టాలో తెలియదు.

వాళ్లు మంచివాళ్లు. వాళ్లు పనిచేసిన ఊళ్లో ఇప్పటికీ జనం వాళ్ల పేరు చెప్పుకుంటారు. నేనడిగేది ఒక్కటే. మీ అబ్బాయిని అడిగారా?


లాంతరు:

మూడు రోజుల నుంచి మీ పోస్టు చదువుతున్నాను. ఆయనకి కూడా చదివి వినిపించాను.

అడగలేదండీ. అదే మా పెద్ద తప్పు. వాడికి చెప్పకుండానే సంఘంలో సాక్ష్యం చెప్పాం. వాడు చాప మీద పిల్లల వరసలో కూర్చుని, మేం ఆఫ్రికా వెళ్తున్నామనే మాట మైకులో విన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు కొట్టలేదు. ఇంటికొచ్చాక అన్నం తినలేదు. అడిగితే "మీ ఇద్దరూ వెళ్తున్నారు కదా, వెళ్లండి" అన్నాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు.

నాలుగు నెలలు ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. మొదట వాక్యం చెప్పి ఒప్పించబోయాం. దేవుడు పంపితే పారిపోయిన యోనా కథ చెప్పాం కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తర్వాత ఆయన వాడికి క్షమాపణ చెప్పారు. మంచం మీద పక్కన కూర్చుని, "నీకు ముందు చెప్పాల్సింది రా, తప్పు చేశాం" అన్నారు. వాడు మారుమాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వారం తర్వాత ఒక చీటీ ఇచ్చాడు. అందులో ప్రశ్నలు. అక్కడ క్రికెట్ ఆడతారా. నా సైకిల్ తీసుకెళ్లచ్చా. నాకు నచ్చకపోతే వెనక్కి రావచ్చా. నానమ్మ చచ్చిపోతే ఎవరు చెబుతారు.

మూడో ప్రశ్నకి "రావచ్చు" అని రాసి సంతకం పెట్టిచ్చాం ఇద్దరం. ఒక ఏడాది చూసి, వాడు ఇక లాభం లేదంటే మేం నలుగురం వెనక్కి వస్తాం. వాడొక్కణ్ణీ హాస్టల్‌కి పంపడం ఉండదు. ఇది సంఘ పెద్దలకి కూడా చెప్పాం. ఇద్దరికి నచ్చలేదు. "పిల్లాడి చేతిలో సేవ పెడతారా?" అన్నారు. మేం మాట మార్చలేదు. అక్కడ బడి కూడా ఆసుపత్రికి దగ్గర్లోనే, నడిచి వెళ్లేంత దూరం.

ఇప్పుడు వాడు ఒప్పుకున్నాడా అంటే, తెలియదండీ. అట్లాసు తీసి మలావీ సరస్సు చూస్తుంటాడు. మాతో మాత్రం దాని గురించి పెద్దగా మాట్లాడడు.


హాస్టల్ గది 14:

ఆ సంతకం కాగితం జాగ్రత్తగా ఉంచండి. థాంక్స్.


పాస్టరమ్మ:

అమ్మా లాంతరూ, చదువుతూ కళ్లు తుడుచుకున్నా. సూటిగా గారూ, మీరు తర్వాత ఏమీ రాయలేదు, చదువుతున్నారని అనుకుంటున్నా. నాదొక ప్రశ్న. మీ అత్తగారికి మీ ఆయన ఒక్కడే కొడుకా? ఆవిడ మాటేమిటి?


లాంతరు:

ఒక్కడే కొడుకు అమ్మగారూ, ఇద్దరు ఆడపడుచులు. అత్తయ్యగారికి 71. షుగరు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ వద్దనలేదు. వద్దంటే మాకు తేలికయ్యేది. ఏమీ అనకుండా రోజూ రాత్రి లైటు తీశాక మంచం మీద కూర్చుని ఉండేవారు.

ఒకరోజు తనే ఎత్తారు. "నన్ను మట్టిలో పెట్టేటప్పుడు నువ్వుండవు కదరా" అన్నారు. ఆయన టికెట్ డబ్బు విడిగా ఉంచామనీ, వెంటనే వచ్చేస్తాననీ చెప్పబోయారు. నిజమే, ఒక మనిషి రానూ పోనూ టికెట్‌కి సరిపడా డబ్బు ఆడపడుచు పేరు మీద వేసి ఉంచాం, దాన్ని ముట్టుకోం. కానీ ఆ పల్లె నుంచి రాజధాని లిలోంగ్వే చేరి, విమానం పట్టుకుని, హైదరాబాదులో దిగి నరసాపురం వచ్చేసరికి తక్కువలో తక్కువ రెండు రోజులు. ఆవిడ కాసేపు ఆలోచించి, "నన్ను ఆ ఫ్రీజర్ బాక్సులో పెట్టి నీకోసం ఎదురుచూడద్దు. నాకు చలి పడదు. సాయంత్రానికి పెట్టేయండి. నువ్వు జ్ఞాపకార్థ కూడికకి రా" అన్నారు. ఆడపడుచులిద్దర్నీ కూర్చోబెట్టి వాళ్లముందు మళ్లీ చెప్పారు, తర్వాత ఎవరూ గొడవ పడకుండా.

మిగతావి కాగితం పనులు. ఇంటి పన్ను, పెన్షన్, బ్యాంకు పనులు పెద్దాడపడుచు చూస్తారు. ఆసుపత్రికి ఏ ఆటో అబ్బాయి తీసుకెళ్లాలో కూడా రాసిపెట్టాం. వీడియో కాల్ విషయం మేం ఆలోచించనేలేదు. అక్కడికీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. మాకు డ్యూటీ అయి సాయంత్రం ఆరింటికి చేద్దామంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఆవిడ ఎనిమిదికే పడుకుంటారు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం అని ఖాయం చేసుకున్నాం.


కొల్లేటి కొంగ:

సిస్టర్, మోజు అన్నందుకు సారీ. పాడేరు గురించి రాస్తానన్నారు, మరిచిపోకండి.


లాంతరు:

సారీ ఎందుకు బ్రదర్, అడగాల్సిందే అడిగారు.

పాడేరు వైపు ఒక చిన్న క్లినిక్‌లో ఐదు వారాలున్నాం. అది కూడా విదేశం లాంటిదే మాకు. కొండ మీద మాటలు మాకు అర్థం కావు, మా తెలుగు వాళ్లకి సగమే. మొదటి వారం నేను గట్టిగా మాట్లాడితే అర్థమవుతుందనుకున్నాను! అక్కడి ఆయమ్మ నవ్వుతూ, "సిస్టరమ్మా, మాకు చెవుడు లేదు" అంది.

మూడో వారం బాబుకి జ్వరం. కిట్‌తో టెస్ట్ చేస్తే ఫాల్సిపారం మలేరియా. దోమతెర కట్టాం కదా అనుకుంటున్నారా? కట్టాం. వాడు నిద్రలో మోచెయ్యి తెరకి ఆనించి పడుకునేవాడు. ఆనినచోట బయటనుంచే దోమ కుడుతుంది. నర్సుని నేను, ఊరందరికీ చెప్పేదాన్ని, నా కొడుకు మంచం చూసుకోలేదు. త్వరగా పట్టుబడింది కాబట్టి మందుకి తగ్గింది. మలావీలో మలేరియా ఏడాది పొడుగునా ఉంటుంది. ఇప్పుడు పెద్ద తెరలే కుట్టించాం, పరుపు కిందకి మడిచేంత పొడవువి.

ఇంకా, మలావీ సరస్సు చూడటానికి సముద్రంలా ఉంటుంది, దాదాపు 580 కిలోమీటర్ల పొడవు. గోదారి పిల్లలు నీళ్లు చూస్తే ఆగరు. కానీ ఒడ్డున నత్తలుండే చోట బిల్హార్జియా జబ్బు తెచ్చే పురుగు నీళ్లలోంచే చర్మంలోకి దూరుతుంది. మందు ఉంది, అయినా ఎక్కడ దిగాలో అక్కడివాళ్లని అడిగాకే దిగాలని బాబుతో ఒప్పందం. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం వేయించుకున్నాం, దారి అడిస్ అబాబా మీదుగా కాబట్టి. హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. టీకా వేసి ఇచ్చే పసుపు కార్డు పది రోజులకి గానీ చెల్లదు, కాబట్టి చివరి వారానికి పెట్టుకోకండి. 2016 నుంచి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి.


ఆడిటర్ తమ్ముడు:

అక్కా, సామాన్ల సంగతి? మా ఆవిడ అడుగుతోంది, మిక్సీ తీసుకెళ్తున్నారా అని.


లాంతరు:

తీసుకెళ్తున్నాం! అక్కడా 230 వోల్టులే, మూడు చదరపు పిన్నుల ప్లగ్గు మాత్రం మారుతుంది. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. మొదట మేం సర్దింది చూసి జాంబియా మావయ్య గారు ఫోన్‌లో నవ్వారు. సబ్బులు, టూత్‌పేస్టులు, ఉప్పు కూడా పెట్టుకున్నాం. "అమ్మా, అక్కడ కూడా మనుషులే బతుకుతున్నారు" అన్నారు. అవన్నీ తీసేసి, ఆయన పనిముట్లు, ఫిల్టర్లు, మల్టీమీటరు పెట్టాం. తెలుగు బైబిళ్లు నాలుగు, పాపకి పెద్ద బాలశిక్ష, పాటల పుస్తకం. చీరలు రెండే. అక్కడ చితెంజె అని నడుముకి చుట్టుకునే గుడ్డ ఉంటుందట, ఆడవాళ్లంతా కడతారు, అదే కొనుక్కుంటా.

ఆవకాయ దగ్గరే గొడవ. అత్తయ్యగారు ఐదు కిలోలు పట్టారు. రెండు కిలోలకే చోటుంది. ఆవిడ ఆయన పనిముట్ల పెట్టె తెరిచి, ఒక స్పానర్ సెట్ బయట పెట్టి, "ఇది అక్కడ దొరకదా?" అన్నారు. ఆయన నోరు మెదపలేదు. మూడు కిలోలు వెళ్తోంది.


జాంబియా మావయ్య:

సీసా మూత కింద పాలిథిన్ కాగితం వేసి, పైన టేపు చుట్టి, మళ్లీ కవర్లో పెట్టండమ్మా. నా మొదటి ప్రయాణంలో లెక్కల పుస్తకాలన్నీ నూనెలో మునిగాయి.

అన్నట్టు, మీ అత్తగారిని అక్కడివాళ్లు వీడియోలో చూస్తే అగోగో అంటారు, నానమ్మా తాతా అందరికీ అదే మాట. ముందే చెప్పి ఉంచండి.


లాంతరు:

చెప్పాను మావయ్యా. పోయిన ఆదివారం ఆ మేట్రన్ గారితో మాట్లాడించాం. అత్తయ్యగారు రెండు రోజులు ప్రాక్టీసు చేసి ఫోన్ ముందు కూర్చుని "ములీ బ్వాంజీ" అన్నారు, దీర్ఘాలు తీసి. అటునుంచి ఆవిడ రెండు చేతులూ జోడించి చప్పుడు చేసి నవ్వారు. తర్వాత ఇద్దరూ భాష తెలియకుండానే పదిహేను నిమిషాలు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. నాకు మధ్యలో పని లేకుండా పోయింది.


హాస్టల్ గది 14:

బాబు సైకిల్ ఏమైంది? ఎవరికైనా ఇచ్చేశాడా?


లాంతరు:

లేదండీ. వాళ్ల పిన్ని కొడుకు అడిగితే ఇవ్వలేదు. మేం కూడా ఇవ్వమని అనలేదు. నిన్న తనే గుడ్డతో తుడిచి, చెయిన్‌కి నూనె వేసి, నానమ్మ వసారాలో కిటికీ ఊచకి గొలుసుతో కట్టాడు. తాళంచెవి ఒకటి నానమ్మ పర్సులో పెట్టాడు. రెండోది తన పెట్టెలో, ఆ సంతకం కాగితం ఉన్న కవర్లోనే.